ఏ గేరు పోయింది, ఏ గేరు మిగిలింది

"ట్రాన్స్‌మిషన్ పోయింది." అమెరికాలో పాత పికప్ ట్రక్ ఉన్నవాళ్ళు ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వింటారు. వినగానే గుండె గుభేలుమంటుంది, ఎందుకంటే దాని వెనకే వేల డాలర్ల అంచనా వస్తుంది. చాలాసార్లు ఆ అంచనా బండి ఖరీదుకే సమానంగా ఉంటుంది. కానీ ఈ మాట జబ్బు పేరు కాదు. డాక్టరు దగ్గరికి వెళ్ళి "ఒంట్లో బాగాలేదు" అన్నంత మాట. ఏది బాగాలేదో, ఎప్పటి నుంచి బాగాలేదో చెప్పకుండా ఆపరేషన్‌కు ఒప్పుకునేవాడు ఎవడూ ఉండడు. ట్రక్ విషయంలో మాత్రం చాలామంది ఒప్పుకుంటారు.

మా పెదనాన్నగారి అబ్బాయి డాలస్‌కు ఉత్తరంగా కొంచెం నేల కొన్నాడు. గోంగూర, బెండ, నాలుగు మేకలు. ట్రైలర్ లాగడానికి 2003 నాటి షెవర్లే సిల్వరాడో తీసుకున్నాడు. ఒక శనివారం ఉదయం ఫోన్ చేశాడు.

"ఒరేయ్, ట్రక్ వెనక్కి పోవడం లేదురా. షాపుకు ఫోన్ చేస్తే మొత్తం ట్రాన్స్‌మిషన్ మార్చాలన్నారు."

"వాళ్ళు నడిపి చూశారా అన్నయ్యా?"

"లేదు, బండి ఇంకా కొట్టంలోనే ఉంది."

"ముందుకు వెళ్తోందా?"

"వెళ్తోంది. బయల్దేరడం బాగానే బయల్దేరుతుంది. కాస్త వేగం అందుకోగానే ఇంజిన్ ఒక్కసారి గీపెడుతుంది, బండి న్యూట్రల్‌లో ఉన్నట్టు అయిపోతుంది. యాక్సిలరేటర్ వదిలి మళ్ళీ తొక్కితే పట్టుకుంటుంది."

"హైవే మీద?"

"అరవై మైళ్ళ దగ్గర ముల్లు ఇదివరకు 1,800 చూపించేది. ఇప్పుడు 2,500."

ఆ నాలుగు వాక్యాల్లోనే రోగ నిర్ధారణ చాలావరకు అయిపోయింది. ఎలాగో చెప్పాలంటే ముందు పెట్టె లోపల ఏముందో కాస్త చూడాలి. మనలో చాలామందిమి ఊళ్ళో క్లచ్ తొక్కి గేర్లు వేసి డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్ళం. ఆటోమేటిక్ అంటే మనకు మూత తీయని పెట్టె. నిజానికి లోపలి సూత్రం అంత కష్టమైనదేమీ కాదు.

ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. కుండలో కవ్వం తిప్పితే మజ్జిగ కూడా తిరుగుతుంది కదా. తిరిగే ఆ మజ్జిగలో ఇంకో గరిటె వేలాడదీస్తే అదీ తిరుగుతుంది. కవ్వం ఇంజిన్, గరిటె గేర్‌బాక్స్, మజ్జిగ స్థానంలో ఎర్రటి ఆయిల్. రెండూ ఒకదాన్నొకటి తాకవు, అందుకే సిగ్నల్ దగ్గర గేరులోనే ఆగినా ఇంజిన్ ఆగిపోదు. వేగం అందుకున్నాక ఈ జారుడు వృథా కాబట్టి కన్వర్టర్ లోపలి క్లచ్ ఒకటి బిగుసుకుని రెండింటినీ ఒక్కటి చేస్తుంది. దాన్నే లాకప్ అంటారు.

కన్వర్టర్ వెనక గేర్లుంటాయి. మన మాన్యువల్ బండిలోలాగా ఇవి పక్కకు జరగవు. మధ్యలో ఒక సూర్యచక్రం, దాని చుట్టూ తిరిగే చిన్న గ్రహచక్రాలు, వాటికి బయట లోపలివైపు పళ్ళున్న పెద్ద వలయం. ఈ మూడింటిలో ఒకదాన్ని కదలకుండా పట్టుకుని ఇంకోదాన్ని తిప్పితే మూడోది ఒక వేగంతో తిరుగుతుంది. పట్టుకునేదాన్ని మారిస్తే వేగం మారుతుంది, ఒక్కోసారి దిశ కూడా మారుతుంది. పట్టుకునే చేతులే క్లచ్ ప్లేట్లు, బ్యాండ్లు. ఆ చేతులకు బలమిచ్చేది ఆయిల్ ప్రెషర్. ఏ చెయ్యి ఎప్పుడు పట్టాలో చెప్పేది కంప్యూటర్, దాని మాట వినే సోలినాయిడ్లు, అంటే కరెంటుతో పనిచేసే చిన్న వాల్వులు.

కాబట్టి ప్రతి గేరూ కొన్ని చేతుల కలయిక. ఒక చెయ్యి విరిగితే అది పాల్గొనే గేర్లన్నీ పోతాయి, మిగతావి బతికే ఉంటాయి. ఏవి పోయాయో, ఏవి మిగిలాయో రాసుకుంటే విరిగినదేదో తెలుస్తుంది. ఈ వ్యాసంలో నేను పట్టుబట్టి చెప్పదలుచుకున్నది ఇదే.

అన్నయ్య ట్రక్‌లో ఉన్నది 4ఎల్60-ఈ. నాలుగు గేర్లు, పొడుగ్గా అమర్చినది, ఎలక్ట్రానిక్ అదుపు ఉన్నది అని ఆ పేరుకు అర్థం. 1982లో 700-ఆర్4 పేరుతో పుట్టిన డిజైన్ ఇది. 1990లో పేరు మారింది, 1993లో కంప్యూటర్ చేతికి వచ్చింది. జనరల్ మోటార్స్ (జీఎం) వాళ్ళ పికప్‌లలో, వ్యాన్లలో ఏళ్ళ తరబడి వాడారు. అందువల్ల దీని జబ్బులు బజారులో అందరికీ తెలిసినవే. మొదటి గేరు నిష్పత్తి 3.06, రెండోది 1.63, మూడోది సరిగ్గా 1, నాలుగోది 0.70. మూడో గేరులో 2,500 తిరిగే ఇంజిన్ అదే వేగానికి నాలుగో గేరులో దాదాపు 1,800 తిరుగుతుంది. అన్నయ్య చెప్పిన రెండు అంకెలు అవే. అంటే నాలుగో గేరు పడటం లేదు, హైవే మీద బండి మూడోదాంట్లోనే నడుస్తోంది. మధ్యలో గీపెట్టినది రెండో గేరు ఉండాల్సిన చోటు. రివర్స్ ఎలాగూ లేదు.

పోయినవి రెండు, నాలుగు, రివర్స్. మిగిలినవి ఒకటి, మూడు.

ఈ పెట్టెలో రెండు, నాలుగు గేర్లలో బిగుసుకునే బ్యాండ్ ఒకటుంది. అది అరిగిపోతే ఆ రెండూ పోతాయి కానీ రివర్స్‌కు దానితో పని లేదు, రివర్స్ ఉండాలి. మూడు, నాలుగు గేర్లకు కలిపి ఒక క్లచ్ ఉంది. అది కాలిపోతే ఒకటి, రెండు, రివర్స్ బాగానే ఉండి, రెండో గేరు తర్వాత ఇంజిన్ ఊరికే గీపెట్టాలి. ఈ పెట్టెలో అన్నిటికంటే ఎక్కువగా కాలేది ఆ క్లచ్చే. ముఖ్యంగా బరువైన ట్రైలర్ కట్టి ఓవర్‌డ్రైవ్‌లో, అంటే నాలుగో గేరులో, గంటల తరబడి లాగినవాళ్ళకు. మరి రెండు, నాలుగు, రివర్స్ మూడూ ఒకేసారి పోవాలంటే ఆ మూడింటికీ కావలసినది, ఒకటికీ మూడుకూ అక్కర్లేనిది ఏదో విరగాలి. అలాంటివాటిలో ముందుగా అనుమానించాల్సినది ఒకటుంది. సన్ షెల్ అంటారు. గంట ఆకారంలో ఉండే రేకు డ్రమ్ము అది. ముందు వైపు డ్రమ్ముకు వచ్చిన పట్టును వెనక వైపు సూర్యచక్రానికి చేరవేస్తుంది. దాని మెడ దగ్గర లోహం చీలడం ఈ ట్రాన్స్‌మిషన్‌కు పేరుపొందిన జబ్బు. తర్వాత వచ్చిన బలమైన షెల్లులు విడిగా దొరుకుతాయి.

ఇలాంటి లెక్కే ఇంకొకటి. లివర్‌ను మామూలు డ్రైవ్‌లో పెడితే బండి కదలదు, ఒకటిలోకి లాగితే కదులుతుంది. అంటే పంపు పనిచేస్తోంది, ప్రెషర్ ఉంది, క్లచ్‌లు కూడా బతికే ఉన్నాయి. డ్రైవ్‌లో ఒకవైపే తిరగనిచ్చే చక్రం ఒకటి పట్టు వదిలేసింది. ఒకటిలో పెట్టినప్పుడు వేరే క్లచ్ వచ్చి దాని పని చేసిపెడుతోంది. బండి ముందుకీ వెనక్కీ, ఏ లివర్ స్థానంలోనూ కదలకపోతే అది వేరే కథ. అప్పుడు చూడాల్సినది ఆయిల్ ఉందా, పంపు తిరుగుతోందా, ప్రెషర్ వస్తోందా అని.

ఆయిల్ సంగతి నిజానికి మొదటే చెప్పాల్సింది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ చూడటం ఇంజిన్ ఆయిల్ చూడటం లాంటిది కాదు, ఇక్కడే చాలామంది పొరబడతారు. ఈ బండిలో పదిహేను ఇరవై నిమిషాలు నడిపి వేడెక్కించాక, చదునైన నేల మీద ఆపి, బ్రేక్ తొక్కి లివర్‌ను అన్ని స్థానాల్లోకీ ఒకసారి తిప్పి, పార్క్‌లో పెట్టి, ఇంజిన్ నడుస్తుండగానే డిప్‌స్టిక్ తీయాలి. ఇంజిన్ ఆపి చూస్తే కన్వర్టర్‌లోని ఆయిల్ ప్యాన్‌లోకి దిగి మట్టం ఎక్కువ చూపిస్తుంది. మీరు నిండుగా ఉందనుకుంటారు, బండి ఆకలితో ఉంటుంది.

తీసిన డిప్‌స్టిక్‌ను తెల్లటి పేపర్ టవల్ మీద ఒత్తి పగటి వెలుగులో చూడండి. కొత్త ఆయిల్ కుంకుమ నీళ్ళలా ఎర్రగా, పారదర్శకంగా ఉంటుంది. వయసుతో గోధుమ రంగుకు తిరగడం మామూలే, దానికి బెంబేలు పడక్కర్లేదు. నల్లగా ఉండి, చుక్క చుట్టూ సన్నటి నల్ల పొడి తేలితే అది క్లచ్ ప్లేట్ల మీది పూత. అప్పుడు వాసన చూడండి. ఘాట్ రోడ్డు దిగి ఆగిన లారీ పక్కన నిలబడితే బ్రేకుల వాసన వస్తుందే, ఆ వాసన వస్తే లోపల ఏదో ఎక్కువసేపు జారి కాలింది. రాజమండ్రి రోజ్ మిల్క్ రంగులో చిక్కగా, నురగగా కనిపిస్తే బండి ఇంక ఒక్క మైలు కూడా నడపొద్దు. రేడియేటర్ లోపల ట్రాన్స్‌మిషన్ ఆయిల్‌ను చల్లబరిచే గొట్టం పగిలి కూలెంట్ అందులో కలిసింది. నీళ్ళు తగిలితే క్లచ్ ప్లేట్ల మీది పూత ఊడొస్తుంది. మొదటి రోజే పట్టుకుంటే రేడియేటర్ ఖర్చుతో, కడిగించే ఖర్చుతో బయటపడే అవకాశం ఉంది. వారం నడిపితే లేదు.

మట్టం తక్కువుంటే పొయ్యడానికి ముందు ఎక్కడ కారుతోందో వెతకండి. ఆయిల్ మామూలుగా ఖర్చయ్యేది కాదు, తగ్గిందంటే ఎక్కడో కారిందన్నమాటే. అలాగని ఎక్కువ పోసినా ప్రమాదమే. తిరిగే భాగాలు చిలికి నురగ చేస్తాయి, నురగకు ప్రెషర్ పట్టదు. ఈ పాత జీఎం బండ్లకు ఒకప్పుడు డెక్స్రాన్-3 పోసేవారు. 2005లో డెక్స్రాన్-6 వచ్చి దాని స్థానం తీసుకుంది, పాత బండ్లకూ అదే పనికొస్తుంది.

ఇక కరెంటు జబ్బులు. నేను గట్టిగా మాట్లాడేది ఇక్కడే, ఎందుకంటే వీటి వల్ల బాగున్న ట్రాన్స్‌మిషన్లు బల్ల మీదికి ఎక్కుతాయి. 4ఎల్60-ఈలో గేర్లు మార్చే సోలినాయిడ్లు రెండు. రెండింటికీ కరెంటు అందితే మొదటి గేరు. రెండింటికీ ఆగిపోతే మూడో గేరు. ఇలా కావాలనే చేశారు. ఫ్యూజ్ పోయినా, వైరు తెగినా, కంప్యూటర్ అలిగినా బండి మూడో గేరులో ఇంటికి చేరాలని. అప్పుడు డ్రైవర్‌కు ఎలా అనిపిస్తుందంటే, ఊళ్ళో పాత అంబాసిడర్‌ను టాప్ గేరులో ఎత్తినట్టు. ఈడుస్తుంది, మూలుగుతుంది, కదిలాక మాత్రం ఏ గేరూ మారకుండా అలాగే నడుస్తుంది. రివర్స్ బాగానే పడుతుంది. ఈ లక్షణాలు కనిపిస్తే ఎవరైనా రీబిల్డ్ అనకముందు ఫ్యూజ్ బాక్స్ మూత తీయండి. తర్వాత బండి కిందికి వెళ్ళి, ట్రాన్స్‌మిషన్‌కు ప్యాసింజర్ వైపున్న గుండ్రటి పెద్ద కనెక్టర్ ఊడదీసి చూడండి. లోపల ఆయిల్ చేరిందా, పిన్నులు పచ్చబడ్డాయా, వైరు సైలెన్సర్ గొట్టానికి తగిలి కాలిందా. మల్టీమీటర్ ఉంటే ఆ కనెక్టర్ నుంచే సోలినాయిడ్లను కొలవచ్చు. గేర్లు మార్చేవి సుమారు 20 నుంచి 30 ఓమ్‌లు, ప్రెషర్‌ను అదుపు చేసేది సుమారు 4 ఓమ్‌లు చూపించాలి. దేనికైనా సున్నా వచ్చినా, అసలేమీ చూపించకపోయినా దొంగ దొరికినట్టే. సోలినాయిడ్ మార్చాలంటే ప్యాన్ దింపితే చాలు, ట్రాన్స్‌మిషన్ దింపక్కర్లేదు.

1996 నుంచి అమెరికాలో అమ్మిన ప్రతి పెట్రోలు కారుకూ చిన్న ట్రక్కుకూ స్టీరింగ్ కింద ఓబీడీ-2 సాకెట్ ఉంటుంది. అన్నయ్య బండిలాంటి వాటిలో ఇంజిన్‌నూ ట్రాన్స్‌మిషన్‌నూ ఒకే కంప్యూటర్ నడుపుతుంది కాబట్టి చవక స్కానర్ కూడా ట్రాన్స్‌మిషన్ కోడ్‌లు చదువుతుంది. కానీ కోడ్‌ను తీర్పులా తీసుకోవద్దు, ఫిర్యాదులా తీసుకోండి. దీనికి పీ 1870 కంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

యజమాని చెప్పేది ఇలా ఉంటుంది: "పొద్దున బాగానే ఉంటుందండీ. హైవే మీద అరగంట నడిపి ఊళ్ళోకి దిగాక, ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు వెనక నుంచి ఎవరో గుద్దినట్టు కొడుతుంది." వినగానే ఎవరైనా మొదటి, రెండో గేర్ల దగ్గరే లోపం అనుకుంటారు. లోపం అక్కడ లేదు. హైవే మీద లాకప్ క్లచ్ జారింది. దాన్ని అదుపు చేసే చిన్న వాల్వు మెత్తటి అల్యూమినియం రంధ్రంలో నిరంతరం ముందుకూ వెనక్కూ కదిలి కదిలి ఆ రంధ్రాన్ని అరగదీస్తుంది. అరిగిన సందులోంచి ఆయిల్ కారిపోయి లాకప్‌కు పూర్తి పట్టు దొరకదు. కంప్యూటర్ ఆ జారుడును చూసి, మిగతా క్లచ్‌లు కాలిపోకుండా కాపాడుకోవాలని ప్రెషర్‌ను పూర్తిగా పెంచేస్తుంది. ఆ పూర్తి ప్రెషర్‌తో రెండో గేరు పడితే గుద్దినట్టే ఉంటుంది. అంటే మనల్ని భయపెట్టిన గుద్దు జబ్బు కాదు, జబ్బు నుంచి బండి తనను తాను కాపాడుకునే ప్రయత్నం. మరమ్మతు చేయాల్సినది ఆ వాల్వు రంధ్రం. దాన్ని కాస్త వెడల్పు చేసి గట్టి స్లీవ్ దింపుతారు. చాలాకాలం అలా జారుతూ నడిపితే మాత్రం కన్వర్టర్ కూడా పోతుంది.

లాకప్ పనిచేస్తోందో లేదో ఇంట్లోనే తెలుసుకోవచ్చు. చదునైన రోడ్డు మీద వెనక బండ్లు లేనప్పుడు యాభై అయిదు మైళ్ళ దగ్గర యాక్సిలరేటర్‌ను కదపకుండా పట్టుకుని, ఎడమ కాలితో బ్రేక్ పెడల్‌ను లైటు వెలిగేంత మాత్రమే తాకండి. లాకప్ ఉంటే అది వెంటనే విడిపోయి ఆర్‌పీఎం ముల్లు కాస్త పైకి లేస్తుంది, కాలు తీశాక కాసేపటికి మళ్ళీ దిగుతుంది. ముల్లు కదలకపోతే లాకప్ అసలు పడలేదు. లాకప్ పడే క్షణంలో, హైవే అంచున నిద్రమత్తు డ్రైవర్లను లేపడానికి చెక్కిన గాట్ల మీద చక్రం ఎక్కినట్టు బండి వణికితే కన్వర్టర్ క్లచ్‌ను అనుమానించాలి. కానీ అచ్చం ఇదే వణుకు ఇంజిన్‌లో ఒక సిలిండర్ సరిగ్గా మండకపోయినా వస్తుంది. స్పార్క్ ప్లగ్గు, వైరు, కాయిల్ చూడకుండా కన్వర్టర్ మార్చిన బండి వణుకుతూనే ఇంటికి వస్తుంది.

ఇలా వేషం వేసుకుని వచ్చేవి ఇంకా ఉన్నాయి. పార్క్ నుంచి రివర్స్‌లోకి లాగగానే "టక్" మంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ జాయింట్ అరిగి ఉండొచ్చు. సిగ్నల్ దగ్గర బండి ఆగిన మరుక్షణం వెనక నుంచి చిన్నగా కొడితే, ఈ జీఎం ట్రక్కుల్లో షాఫ్ట్ జారే స్లిప్ యోక్ దగ్గర గ్రీజు ఎండిపోవడం మామూలే. ట్రాన్స్‌మిషన్‌ను మోసే రబ్బరు మౌంట్ చిరిగినా గేరు మారినప్పుడల్లా కుదుపు వస్తుంది. వీటన్నిటికీ ఖర్చు తక్కువ.

ఇంకా పాత 700-ఆర్4 బండ్లు నడిపేవాళ్ళకు ఒక్క మాట. వాటిలో గేర్లు మార్చేది కంప్యూటర్ కాదు. థ్రాటిల్ నుంచి ట్రాన్స్‌మిషన్‌కు వెళ్ళే టీవీ కేబుల్ అనే తీగ, ఎంత ప్రెషర్ కావాలో చెబుతుంది. కార్బొరేటర్ మార్చినప్పుడు ఆ తీగను వదులుగా వదిలేస్తే బండి బరువు లాగుతున్నా ప్రెషర్ పెరగదు, మూడు-నాలుగు క్లచ్ త్వరలోనే కాలిపోతుంది. ఎంతోమంది కొత్తగా రీబిల్డ్ చేయించిన పెట్టెను ఈ ఒక్క తీగ వల్ల మళ్ళీ కాల్చుకున్నారు.

పరీక్షలన్నీ అయ్యాక ప్యాన్ దింపాలి. పదహారు బోల్టులు. అడుగున ఒక అయస్కాంతం ఉంటుంది. దాని మీద నూనె కలిపిన విభూతిలాంటి బూడిద రంగు పేస్టు ఉంటే అది వయసు. వేలితో నలిపితే గరుకు తగలకూడదు. ఇత్తడి రంగు మెరుపులు కనిపిస్తే బుష్‌లు అరుగుతున్నాయి. ఇనుప రవ్వలు, ముక్కలు కనిపిస్తే ఏదో గట్టి భాగం విరిగింది, ఇక మూసి నడపడం వృథా.

ఇక్కడే అందరూ అడిగే ప్రశ్న వస్తుంది: పాత బండికి ఆయిల్ మారిస్తే ట్రాన్స్‌మిషన్ పోతుందంటారు, నిజమేనా? నా అభిప్రాయం ఇది. అప్పటికే జారుతున్న బండిని కొత్త ఆయిల్ బతికించదు, చంపదు కూడా. జారుడు మొదలయ్యాకే చాలామంది ఆఖరి ఆశగా ఆయిల్ మారుస్తారు, అందుకే నింద ఆయిల్ మీద పడుతుంది. గేర్లు బాగానే పడుతుంటే ప్యాన్ దింపి, ఫిల్టర్ మార్చి, దిగినంత ఆయిల్ కొలిచి అంతే కొత్తది పొయ్యడం మంచిదే. మిషన్ పెట్టి ఒత్తిడితో మొత్తం కడిగించడం మాత్రం లక్ష మైళ్ళు దాటి ఎప్పుడూ ఆయిల్ మార్చని బండికి నేను చేయించను.

అన్నయ్యతో ఆ రోజు ఒక కాగితం రాయించాను. మైళ్ళు ఎన్ని, ఏ గేర్లు లేవు, ఏవి ఉన్నాయి, చల్లగా ఉన్నప్పుడు ఎలా ఉంది, వేడెక్కాక ఎలా ఉంది, ఆయిల్ రంగు, వాసన, స్కానర్‌లో ఏం వచ్చింది. ఆయిల్ కాస్త ముదిరిన ఎరుపే, మాడు వాసన లేదు. అంటే క్లచ్‌లు ఇంకా కాలలేదు. ఆ కాగితం పట్టుకుని వేరే షాపుకు వెళ్ళాడు. అక్కడి పెద్దాయన కాగితం చదివి, ట్రక్‌ను వీధి చివరిదాకా నడిపి చూసి, తిరిగొచ్చి సన్ షెల్ అనే అన్నాడట. సన్ షెల్ కోసమైనా ట్రాన్స్‌మిషన్ దింపి విప్పాల్సిందే, అది చిన్న పనేం కాదు. కానీ మొత్తం మార్చడానికీ, విప్పి షెల్, సీళ్ళు, అరిగిన ప్లేట్లు మార్చి, కూలర్ గొట్టాలు కడిగి బిగించడానికీ ఖర్చులో చాలా తేడా ఉంది. ఎందుకు విప్పుతున్నారో తెలిసి విప్పారు.

విప్పాక విరిగిన షెల్‌ను అన్నయ్య చేతిలో పెట్టారు. మెడ చుట్టూ లోహం గుండ్రంగా, కత్తెరతో కోసినట్టు తెగి ఉంది. పళ్ళున్న ముక్క ఒక వైపు, డ్రమ్ము ఒక వైపు. ఫోటో తీసి పంపాడు. పక్కనే క్లచ్ ప్లేట్ల ఫోటో కూడా ఉంది, పూత ఇంకా నిండుగానే ఉంది.